టోపీకి చెవులు

బెంగుళూరు డిసెంబరు చలి మన తెలుగు యిళ్ళకు కొత్త కాదు. అయినా పొద్దున్నే బడికి పోయే మా చిన్నవాడు మంకీ టోపీ పెట్టుకోనని మొరాయించాడు, తోటిపిల్లలు నవ్వుతారట! సరే, ఆ నవ్వేదో మనమే నవ్విద్దామని సూదులు పట్టాము.

పని సులువే. తల చుట్టుకొలత 20 అంగుళాలైతే అల్లిక 18 చాలు. ఊలు సాగుతుంది గదా. అంగుళానికి 5 కుట్ల లెక్కన 90 కుట్లు ఎక్కించి, అంచు 2 అంగుళాలు రెండు సూటి, రెండు తిరగ కుట్లుగా అల్లాము. పైన ఒక వరుస సూటి, ఒక వరుస తిరగ వేస్తూ మొత్తం 9 అంగుళాలు రానిచ్చాము. మధ్యకు మడిచి, పక్కనా పైనా కుట్టేస్తే సంచి. తలకు పెట్టగానే ఆ సంచి మూలలు రెండూ పిల్లి చెవులై నిలిచాయి!

ఇక అభిప్రాయాలు. "టీ కెటిలుకు తొడుగా?" అన్నారు మావారు. పక్కింటి కన్నడం ఆవిడ "చెన్నాగిదె" అని నమూనా అడిగింది. అత్తగారు మాత్రం, "చెవులు కప్పడానికి టోపీగాని, కొత్తవి మొలిపించడానికా?" అని కడుపుబ్బ నవ్వారు. చిన్నవాడు అద్దంలో చూసుకుని, తోకేదీ అన్నాడు.

మూడోనాటి రాత్రి అత్తగారు మెల్లగా, "నాకూ ఒకటి అల్లమ్మా, చెవులు లేకుండా" అన్నారు. ఆవిడ కొంగు చెవులమీదికి లాక్కోవడం యిన్నేళ్ళుగా చూస్తూనే వున్నాము. చలేస్తోందా అని ఒక్కనాడూ అడగలేదు.

రెండోది సూదులమీద వుంది. సోదరీమణులారా, మీ యింట కొంగు కప్పుకుని కూర్చునేవారుంటే, ముందు వారి తల కొలత తీసుకోండి.