పొరుగువాని నుయ్యి

ఇల్లు కట్టబూనిన గృహస్థుడు మొట్టమొదట వాస్తుజ్ఞుని పిలుచును. ఆయన ఈశాన్యమున నుయ్యి గాని బోరు గాని త్రవ్వుమనును; వాయవ్యమున సెప్టిక్ ట్యాంకు నుంచుమనును. వీధివారందఱును ఈ విధినే పాటింతురు. పాటించుటవలన నేమగుచున్నదో పాఠకులు కాగితముపై గీచి చూతురు గాక. తూర్పు పడమరలుగ ఇండ్లు వరుసగ నున్నచోట నా వాయవ్యపు మూల పడమటి పొరుగువాని యీశాన్యపు మూలకు తగిలియుండును. అనగా నా మలకూపమునకును అతని మంచినీటి నూతికిని నడుమ మిగులునది ప్రహరిగోడ యొక్కటియే! శాస్త్రము నిద్దఱును అతిక్రమింపలేదు. నీరు మాత్రము చెడినది.

1985లో సవరింపబడిన 2470వ భారతీయ ప్రమాణమున, ట్యాంకునుండి వెలువడు నీటిని నేలలోనికి ఇంకించు గుంట త్రాగునీటి నూతికి 18 మీటర్లకంటెను, నివాసగృహమునకు 6 మీటర్లకంటెను దగ్గఱగ నుండరాదని విధించిరి. 18 మీటర్లనగా సుమారు 60 అడుగులు. మన పట్టణముల శివార్లలో అమ్ముడగు 200 గజముల స్థలము సామాన్యముగ 30 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు గలది. అందులో ఇల్లు కట్టి, నూతికి 60 అడుగులును, ఇంటికి 20 అడుగులును విడిచి గుంట త్రవ్వుట యెట్లు? నియమమున దోషము లేదు. నేలను ముక్కలు చేసి యమ్మిన తీరుననే దోషమున్నది.

ఈ దూరము కచేరిలో కూర్చుండి యూహించినది కాదు. 1854లో లండను నగరమున సోహో పేటలో కలరాచే ఆరువందలకు పైగా జనులు మడిసిరి. బ్రాడ్ వీధిలోని పంపునీరే కారణమని డాక్టరు జాన్ స్నో పట్టుపట్టెను. పిమ్మట త్రవ్వి చూడగా, శిథిలమైన యొక మలగుంటకును ఆ నూతికిని నడుమ మూడడుగులైనను లేదు. ఆ నీటి రుచి కోరి హాంప్‌స్టెడ్‌నుండి బండిమీద తెప్పించుకొన్న యొక వితంతువు గూడ మరణించెను. రుచిని నమ్మి నీటిని త్రాగువారు మనలోను కలరు.

మన నేలలు ఒక్క తీరువి కావు. తెలంగాణమున రాతి బీటలలో జొచ్చిన మురికి వడపోత లేకయే దూరము పోవును. కోనసీమలో వానకాలమున గుంటయు నుయ్యియు నొక్కటే జలమున నిలుచును. దీనికి తోడు, అడుగున సిమెంటు చేయక వరలు దింపి, దానికే సెప్టిక్ ట్యాంకని పేరిడుట పరిపాటియైనది. "మాది పదేండ్లైనను నిండలేదు" అని గర్వించువారిని మేమెఱుగుదుము. నిండకపోవుటకు కారణము క్రిందికి కారుటయే. ఆ నీటిని కాచిన క్రిములు చచ్చును గాని నైట్రేటు పోదు. అది పసికందులకు ప్రాణాంతకము కాగలదు.

పొలములను ప్లాట్లుగ విభజించి యమ్ము భూస్వాములకు మా మాట రుచింపకపోవచ్చును. అయినను చెప్పక తప్పదు: సామాన్యమైన మురుగుకాలువయో, వీధికొక ఉమ్మడి శుద్ధిస్థలమో యేర్పఱుపక చిన్న స్థలములను అమ్మనీయరాదు. ఇల్లుగలవాడు తన నూతినుండి టేపు పట్టి తృప్తిపడిన చాలదు. ప్లానుపై నలుదిక్కుల 60 అడుగులలోని పొరుగు నూతులన్నియు గుర్తింపవలెను; పొరుగువారి సంతకము పొందవలెను. ట్యాంకు పైకప్పు వేయకమునుపే పంచాయతివారు గాని పురపాలకులు గాని వచ్చి, నీరు నింపించి, మఱునాడు మట్టము తగ్గినదో లేదో చూచి పోవలెను.