అణువుకు అసలు చిరునామా

జ్వరం వస్తే మనం వేసుకునే పారాసిటమాల్‌ను అమెరికాలో ఎసిటమినోఫెన్ అంటారు. పేర్లు రెండు, పదార్థం ఒకటే. ఈ సంగతి తెలియక ఎవరైనా రెండు బిళ్ళలూ కలిపి మింగితే మోతాదు మించి కాలేయం దెబ్బతినవచ్చు. పేరును నమ్ముకుంటే ఎంత ప్రమాదమో చూశారా!

పోనీ, ఫార్ములాను నమ్ముదామా? రెండు కార్బన్, ఆరు హైడ్రోజన్, ఒక ఆక్సిజన్ పరమాణువులు తీసుకోండి. ఆక్సిజన్ ఒకవైపు కార్బన్‌నూ, మరొకవైపు హైడ్రోజన్‌నూ పట్టుకుంటే అది ఇథనాల్. 78 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద మరిగే ద్రవం. అదే ఆక్సిజన్ రెండు కార్బన్ల నడుమ చేరితే డైమిథైల్ ఈథర్. మామూలు ఉష్ణోగ్రత వద్ద వాయువు. ఫార్ములా ఒకటే, పదార్థాలు రెండు. కనుక అణువు అసలు చిరునామా దాని నిర్మాణమే. అంటే, ఏ పరమాణువు దేనితో బంధం కలిగి ఉందో చూపే బొమ్మ.

ఆ బొమ్మ గీసి, "ఇలాంటివి ఏమున్నాయి?" అని కంప్యూటరును అడగవచ్చు. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు 2004లో ప్రారంభించిన పబ్‌కెమ్ భాండాగారంలో 10 కోట్లకు పైగా సమ్మేళనాలున్నాయి. ఎవరైనా ఉచితంగా వెదకవచ్చు. కంప్యూటరుకు కళ్ళు లేవు కదా, ఎలా పోలుస్తుంది? పరమాణువులను చుక్కలుగా, బంధాలను గీతలుగా లెక్కిస్తుంది. బొమ్మను తలక్రిందులుగా గీసినా, ఏ చుక్క దేనితో కలిసిందన్నది మారదు. మొదట జల్లెడ పడుతుంది: వలయం ఉందా? నైట్రోజన్ ఉందా? లేనివాటిని తోసేస్తుంది. జల్లెడలో మిగిలినవాటిని మాత్రమే చుక్క చుక్కకూ సరిపోల్చి చూస్తుంది.

ఈ పోలికల వల్ల ఒరిగేదేమిటి? భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి కృషి చూడండి. అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసి 1945లో ప్రకటించింది. కణాలు పెరగడానికి ఈ విటమిన్ కావాలి. ఆ అణువులో ఒకచోట ఆక్సిజన్ ఉన్న భాగానికి బదులు అమైనో సమూహాన్ని చేర్చితే అమినోప్టెరిన్ వచ్చింది. అది విటమిన్ వేషం వేసుకుని ఎంజైమును పట్టుకుని, కణాల పెరుగుదలను ఆపుతుంది. ల్యుకేమియా సోకిన పిల్లలలో కొందరికి దీనితో వ్యాధి తాత్కాలికంగా తగ్గిందని సిడ్నీ ఫార్బర్ 1948లో ప్రకటించాడు. ఈ రెండు పేర్లు పక్కపక్కన పెట్టి ఎంతసేపు చూసినా ఆ చుట్టరికం తెలియదు. బొమ్మలు చూస్తే క్షణంలో తెలుస్తుంది.

అయితే ఒక హెచ్చరిక. రూపం దగ్గరైతే గుణం కూడా ఒకటే అనుకోకూడదు. వెదికితే విటమిన్, దాని శత్రువు ఒకే జాబితాలో వస్తాయి! కంప్యూటరు ఇచ్చే జాబితా ప్రశ్న మాత్రమే. జవాబు చెప్పవలసింది ప్రయోగం.

మనమేమో పేర్లనూ ఫార్ములాలనూ బట్టీపట్టి మార్కులు తెచ్చుకుంటున్నాం. ఇది సరికాదని నా అభిప్రాయం. పేర్లు మరచిపోతే పుస్తకం చూసుకోవచ్చు. బొమ్మ చదవడం రాకపోతే కోట్ల సమ్మేళనాల భాండాగారం తలుపులు తెరిచి ఉన్నా లోపలికి అడుగుపెట్టలేం. అందుకే రోజుకొక అణువు నిర్మాణాన్ని నోటుపుస్తకంలో గీయండి. కార్బన్‌కు నాలుగు బంధాలు సరిగా వచ్చాయో లేదో లెక్కపెట్టండి. ఈ రోజు ఇథనాల్‌తో మొదలుపెట్టండి!