గాలి హోరుకు మందు చిప్పులో లేదు

బైకు ఇంటర్‌కామ్‌లో అవతలివాళ్ల మాట వినపడక గాలి హోరే వినిపిస్తోందంటే మన రైడర్ల గుంపుల్లో దొరికే సలహా ఒక్కటే. "అది చవక సెట్టు, పక్కన పడెయ్. ఇంకో పదివేలు వేసుకుని మంచిది కొనుక్కో. కొత్తవాటిలో నాయిస్ క్యాన్సిలేషన్ ఉంది, అంతా అదే చూసుకుంటుంది." దుకాణాల్లోనూ ఇదే మాట, వీడియోల్లో సమీక్షలు చేసేవాళ్ల నోటా ఇదే మాట. ఇది తప్పుడు సలహా. గాలి హోరు మొదట గాలి సమస్య, ఆ తర్వాత మైకు అమరిక సమస్య, చిట్టచివరికి మాత్రమే ఎలక్ట్రానిక్స్ సమస్య. ఈ వరసను తలకిందులు చేసుకుని ఎన్ని వేలు పోసినా ఆ హోరు వదలదు.

మైకులో గాలి హోరు ఎలా పుడుతుందో చూస్తే విషయం తేలిపోతుంది. అందులో ఎక్కువ భాగం ఎక్కడో పుట్టి మైకు దాకా నడిచొచ్చిన శబ్దం కాదు, మైకు దగ్గరే పుట్టినది. హెల్మెట్ అంచులకు తగిలి చెదిరిన గాలి సుడులు తిరుగుతూ మైకులోని పల్చటి పొరను నేరుగా నెట్టి లాగుతుంది. ఆ పొరకు మాటేదో గాలేదో తెలియదు, ఒత్తిడి మారితే కదలడమే దాని పని. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో ఎదురుగాలి ఒత్తిడి సుమారు 75 పాస్కళ్లు. వేగం 80కి చేరితే అది రెండింతలు కాదు, నాలుగింతలై 300 దగ్గరికి వస్తుంది. పెదవులకు రెండు మూడు సెంటీమీటర్ల దూరంలో మామూలుగా మాట్లాడే గొంతు కలిగించే ఒత్తిడి మార్పు ఒక పాస్కల్‌కు అటూ ఇటూ మాత్రమే. అంటే ఆ 300లో నూటికి ఒక వంతు మైకు పొర మీద అల్లల్లాడినా చాలు, మాట దాని కింద మునిగిపోతుంది. ఊళ్లో బాగా పనిచేసిన సెట్టు విజయవాడ హైవే ఎక్కగానే మూగబోవడానికి కారణం ఇదే. సెట్టు చెడిపోలేదు, గాలి ఒత్తిడి నాలుగింతలైంది.

ప్రతి మైకుకూ, దాని వెనకున్న యాంప్లిఫయర్‌కూ ఒక హద్దు ఉంటుంది. గాలి దెబ్బకు ఆ హద్దు దాటితే తరంగం కొస తెగిపోతుంది. తెగిన చోట హోరుతో పాటు మాట కూడా పోయినట్టే. అక్కడ లేని మాటను ఏ ప్రోగ్రామూ వెలికితీయలేదు, మహా అయితే ఊహించి అతికించగలదు. సాఫ్ట్‌వేర్ పని మొదలయ్యేది మైకు పని అయిపోయాకే అన్న చిన్న సంగతిని ఈ సలహాలిచ్చేవాళ్లు పూర్తిగా మరిచిపోతున్నారు.

సాఫ్ట్‌వేర్ చేసే పనిని నేను తక్కువ చేయడం లేదు. మోతను లెక్కగట్టి తీసేసే పద్ధతిని స్టీవెన్ బోల్ 1979లోనే ప్రచురించాడు. మాట లేని క్షణాల్లో మోత ఎలా ఉందో కొలిచి, మాట ఉన్నప్పుడు ఆ మేరకు తీసివేయడం దాని కిటుకు. మోత ఒకే తీరుగా సాగుతున్నంత సేపు అది చక్కగా పనిచేస్తుంది. ఫ్యాను మోత, ఒకే వేగంలో నడిచే ఇంజను మోత అలాంటివి. గాలి అలాంటిది కాదు. లారీని దాటేటప్పుడు ఒకలా, ఫ్లైఓవర్ ఎక్కగానే ఇంకోలా, తల పక్కకు తిప్పితే మరోలా కొడుతుంది. 2017లో వచ్చిన ఆర్‌ఎన్‌నాయిస్ లాంటి న్యూరల్ నెట్‌వర్క్ పద్ధతులు ఇంతకంటే చురుకైనవే. అయినా వాటి చేతికందేది తెగిపోని మాట అయితేనే బాగు చేయగలవు. గాలిని బయటే ఆపిన మైకుకు సాఫ్ట్‌వేర్ మెరుగు పెడుతుంది. గాలికి వదిలేసిన మైకును అది కాపాడలేదు.

ఇంతకంటే పెద్ద భ్రమ పెట్టె మీద రాసే 'నాయిస్ క్యాన్సిలింగ్ మైక్' అన్న మాట చుట్టూ ఉంది. అలాంటి మైకుకు ముందూ వెనకా రెండు దారులుంటాయి. దూరం నుంచి వచ్చే శబ్దం రెండు వైపులా దాదాపు ఒకేలా తగిలి రద్దయిపోతుంది. పెదవుల దగ్గరి మాట ముందువైపే గట్టిగా తగులుతుంది కాబట్టి నిలుస్తుంది. విమానాల్లో పైలట్లు వాడే మైకులు ఈ సూత్రం మీదే పనిచేస్తాయి. కానీ గాలి సుడి రెండు దారుల్లోకీ ఒకేలా రాదు. ఒకవైపు నెడుతుంటే ఇంకోవైపు లాగుతుంది, కాబట్టి రద్దు కాదు. నిజానికి ఇలాంటి మైకులకు మామూలు మైకుల కంటే గాలి బాధ ఎక్కువ. ఇంజను మోతను తగ్గించే గుణాన్ని చూపించి గాలి హోరు కూడా తగ్గుతుందని నమ్మించడం కొనేవాళ్లకు చేస్తున్న అన్యాయం.

శబ్దమే వృత్తిగా ఉన్నవాళ్లు ఏం చేస్తారో చూడండి. తుపాను వేళ విశాఖ తీరంలో నిలబడిన టీవీ విలేఖరి మైకుకు స్పాంజి ఉంటుంది. బయట చిత్రీకరణలో సౌండ్ రికార్డిస్టు లక్షల విలువైన మైకుకు కూడా బొచ్చు తొడుగు వేస్తాడు. ఆరుబయట శబ్దాన్ని కొలిచే మీటర్లకు 90 మిల్లీమీటర్ల స్పాంజి బంతి తొడగడం మామూలు పద్ధతి. వీళ్లెవరికీ మంచి ఎలక్ట్రానిక్స్ లేక కాదు. మైకు చుట్టూ కాస్త నిశ్చలమైన గాలి ఉంటేనే మిగతావన్నీ అక్కరకొస్తాయని వాళ్లకు తెలుసు. స్పాంజి గాలి వేగాన్ని తన పైపొరలోనే విరిచేస్తుంది, మాటను మాత్రం లోపలికి రానిస్తుంది. మన రైడర్లలో ఎంతోమంది ఆ స్పాంజి ఎప్పుడో ఊడిపోయినా పట్టించుకోకుండా బోసి మైకుతో తిరుగుతూ కొత్త సెట్టు ధరలు వెతుకుతుంటారు.

ఇక మైకు స్థానం సంగతి. పూర్తి హెల్మెట్ అయితే మైకును గడ్డం భాగం లోపల, పెదవులకు సూటిగా అతికించాలి. అక్కడే గాలి రంధ్రం ఉంటే దాన్ని మూయాలి, లేదా మైకును ఆ దారి నుంచి పక్కకు జరపాలి. గడ్డం కింద ఖాళీలోంచి గాలి పైకి తన్నుకొస్తుంది కాబట్టి అక్కడ గుడ్డ తెర వేసుకోవాలి. సగం హెల్మెట్ వాడేవాళ్లు కాడ మైకును పెదవుల మూలకు దాదాపు తగిలేలా వంచుకోవాలి. నోటికి దూరం సగానికి తగ్గితే మాట దాదాపు ఆరు డెసిబెళ్లు పెరుగుతుంది. గాలి మోత పెరగకుండా మాటను పెంచే ఉపాయం ఇంతకంటే చవకగా దొరకదు. మైకు మీద నోటివైపు గుర్తు ఉంటే అది నోటివైపే ఉందో లేదో చూసుకోవాలి. స్పాంజి చిరిగినా, వానకు తడిసి బరువెక్కినా మార్చాలి.

మాట వినపడలేదనగానే మైకు గెయిన్ పెంచే అలవాటు కూడా పోవాలి. గెయిన్ పెంచితే మాటతో పాటు గాలీ పెరుగుతుంది, హద్దు ఇంకా ముందే దాటిపోతుంది. గొంతు విని తెరుచుకునే సెట్టయితే గాలినే గొంతనుకుని మైకును మూయకుండా తెరిచే ఉంచుతుంది. అవతలి వ్యక్తి ఆ హోరులో మాట వెతుక్కుంటూ స్పీకరు పెంచుకుంటూ పోతాడు. ఇక్కడే ఇది చెవుల ఆరోగ్యం ప్రశ్న అవుతుంది. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ రోజుకు ఎనిమిది గంటలకు 85 డెసిబెళ్లను హద్దుగా పెట్టింది. ప్రతి మూడు డెసిబెళ్ల పెరుగుదలకూ ఆ సమయం సగానికి తగ్గుతుంది, 100 దగ్గర మిగిలేది పదిహేను నిమిషాలే. హైవే వేగంలో హెల్మెట్ లోపలి హోరే ఈ హద్దును దాటేస్తుంది. దాని మీద ఇంకొకరి మైకు గాలిని కూడా చెవిలో పోయడం ఏ స్నేహితుడికీ చేయకూడని పని.

"అందరికీ అంత ఓపిక ఎక్కడుంది? కొనగానే పనిచేసేది కావాలి" అని కొందరంటారు. కావాలనుకోవడం తప్పు కాదు, అలాంటిది ఉందని అమ్మడమే తప్పు. ఒకే సెట్టు ఒక హెల్మెట్‌లో స్పష్టంగా, ఇంకోదానిలో హోరుగా పలుకుతుంది. ఎందుకంటే గాలి దారి హెల్మెట్‌ను బట్టి, బండి ముందద్దాన్ని బట్టి, నడిపేవాడి ఎత్తును బట్టి మారుతుంది. ఆ దారి చిప్పుకు కనపడదు, అమర్చే చేతికి కనపడుతుంది. మరీ నాసిరకం మైకు తక్కువ ఒత్తిడికే హద్దు దాటుతుందన్న మాట నిజమే. అలాంటిదాన్ని మార్చక తప్పదు. కానీ స్పాంజి, స్థానం, తెర, గెయిన్ ఈ నాలుగూ సరిచూసుకున్నాకే ఆ మాట చెప్పే హక్కు వస్తుంది.

కాబట్టి అడగాల్సినవాళ్లను అడుగుదాం. తయారీదారులు తమ సెట్టు ఏ వేగంలో, ఎలాంటి హెల్మెట్‌లో, గాలి ఎటు నుంచి కొడుతుండగా పరీక్షించారో పెట్టె మీద రాయాలి. విడి స్పాంజీలు ఒకటికి నాలుగు ఇవ్వాలి. అమ్మేవాళ్లు డబ్బు తీసుకుని పెట్టె చేతిలో పెట్టకుండా, కొన్నవారి హెల్మెట్‌లో మైకును స్వయంగా అమర్చి ఇవ్వాలి. సమీక్షకులు నిలబడిన బండి మీద కాకుండా 80లో, అవతలి చెవికి ఏం వినిపిస్తోందో రికార్డు చేసి వినిపించాలి. ముందు వెళ్తున్నవాడు "గొయ్యి" అని అరిస్తే వెనకవాడికి వినపడటం ఒక ప్రాణానికి సంబంధించిన విషయం. ఆ ఒక్క మాట చెవికి చేరడానికి అడ్డుపడుతున్నది చాలాసార్లు పదివేల రూపాయల కొరత కాదు, పది రూపాయల స్పాంజి లేకపోవడం. కొత్త సెట్టు కొనమని సలహా ఇచ్చే ముందు అడిగినవాడి హెల్మెట్ చేతిలోకి తీసుకుని మైకు ఎక్కడుందో చూడండి.