పాత అంబాసిడర్ ఇంజనుకు వేడి ఎంత కావాలి?

తండ్రిగారి నాటి అంబాసిడర్ కారును భద్రంగా దాచుకున్న కుటుంబాలు మన పల్లెల్లో ఇంకా ఉన్నాయి. ఆ కారు తయారీ 2014లో ఆగిపోయినా దానిమీద మమకారం మాత్రం పోలేదు. కొంత డబ్బు కూడబెట్టి ఇంజను విప్పించి, రీబోరు చేయించి, కొత్త పిస్టన్లు, రింగులు వేయిస్తారు. తీరా వేసవిలో ఇంటిల్లిపాదీ పెళ్ళికి బయలుదేరితే, దారిలో టీ తాగి వచ్చేసరికి కారు స్టార్టు కాదు. అరగంట చల్లారితే మళ్ళీ నడుస్తుంది. మెకానిక్కును తిట్టుకుంటాము. కాని చాలాసార్లు లోపం ఇన్‌లెట్ మానిఫోల్డ్ దగ్గరి వేడిలో ఉంటుంది.

కార్బురేటరులో కలిసిన పెట్రోలును, గాలిని సిలిండర్లకు చేర్చే గొట్టమే ఇన్‌లెట్ మానిఫోల్డ్. అంబాసిడర్‌లోని 1489 సి.సి. పెట్రోలు ఇంజనులో ఇదీ, పొగను బయటికి పంపే ఎగ్జాస్ట్ మానిఫోల్డూ ఒకే పక్కన, దగ్గర దగ్గరగా ఉంటాయి. ఇది తయారుచేసినవారి పొరపాటు కాదు. మట్టికుండ చెమర్చి నీరు ఆవిరైతే లోపలి నీరు చల్లబడుతుంది కదా! అలాగే పెట్రోలు ఆవిరయ్యేటప్పుడు మానిఫోల్డ్ చల్లబడుతుంది. అప్పుడు వేడి అందకపోతే పెట్రోలు బొట్లుగానే సిలిండరులోకి పోయి, గోడల మీది నూనెను కడిగి, కింద ఇంజనాయిలులో కలుస్తుంది. వేలు పోసి వేయించిన రింగులు త్వరగా అరిగిపోతాయి. అందుచేత ఈ వేడిని పూర్తిగా తీసివేయమని ఎవరైనా సలహా చెబితే వినవద్దు.

వేడి మితిమీరినా నష్టమే. మానిఫోల్డులోని గాలి 30 డిగ్రీలు అదనంగా వేడెక్కితే, సిలిండరుకు చేరే గాలి సుమారు పదోవంతు తగ్గి బండి లాగదు. పెట్రోలులోని తేలిక భాగాలు 40 డిగ్రీల దగ్గరే మరగడం మొదలుపెడతాయి. ఇంజను ఆపగానే ఫ్యాను ఆగుతుంది. కింది వేడి పైకెక్కి కార్బురేటరులోని పెట్రోలు పొంగుతుంది. టీ కొట్టు దగ్గర కారు మొరాయించేది ఇందుకే.

కాబట్టి ఇంజను తిరిగి బిగించేటప్పుడే ఈ సంగతులు దగ్గరుండి చూసుకోండి.

1. రెండు మానిఫోల్డుల ముఖాలు చదునుగా ఉన్నాయేమో ఇనుప స్కేలు, ఫీలర్ గేజితో చూపించండి. వంకర ఉంటే లేత్ షెడ్డులో రెండింటినీ కలిపి సమం చేయించి, కొత్త గాస్కెట్ వేయించండి. సందు ఉంటే అదనపు గాలి చొరబడి ఇంజను ఇంకా వేడెక్కుతుంది.

2. కార్బురేటరు కింద ఉండే బేకలైట్ దిమ్మెను పారేయనీయకండి. వేడిని అడ్డుకునేది అదే. పగిలితే అదే మందంలో కొత్తది వేయించండి.

3. కార్బురేటరుకూ ఎగ్జాస్టుకూ మధ్య రేకు అడ్డు ఉంటే తప్పక తిరిగి బిగించాలి. పాత గాస్కెట్లలో ఆస్బెస్టాస్ ఉండవచ్చు. పొడిగా గీకి, ఆ దుమ్ము పీల్చకూడదు. తడిపి తీయాలి.

4. పెట్రోలు పైపు ఎగ్జాస్టుకు తగలకుండా దూరంగా పోవాలి. ఇప్పుడు బంకుల్లో అమ్మే పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ ఉంటోంది. పాత రబ్బరు దానికి తట్టుకోక ఉబ్బి, పగులుతుంది. ఇథనాల్‌కు తగిన కొత్త పైపులు వేయించండి.

5. రేడియేటరు, ఫ్యాను బెల్టు, ఇగ్నిషన్ టైమింగు సరిచూడండి. టైమింగు వెనుకబడినా, మిశ్రమంలో పెట్రోలు తక్కువైనా ఎగ్జాస్ట్ విపరీతంగా కాలుతుంది.

దారిలో ఆగితే బానెట్ ఎత్తి చల్లారనివ్వండి. పెట్రోలు పంపు మీద తడిగుడ్డ వేయడం మన డ్రైవర్లకు తెలిసిన ఉపాయమే, అది మంచిదే. కాని కాలుతున్న ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ మీద నీళ్ళు పోయకండి. పోత ఇనుము పగులుతుంది.

డీజిల్ అంబాసిడర్‌కు కార్బురేటరు ఉండదు గనుక ఈ ఇబ్బంది దానికి లేదు. పెట్రోలు కారున్నవారు మాత్రం ఒక్కమాట మరువకండి: నడుస్తుండగా పచ్చి పెట్రోలు వాసన వస్తే వెంటనే ఆపి, ముందు పిల్లలను, పెద్దలను దింపండి. కాలే ఎగ్జాస్ట్ పక్కన కారే పెట్రోలు నిప్పు అంటుకోవడానికి క్షణం చాలు. పెళ్ళికి ఆలస్యమైనా ఫరవాలేదు.