మంచి రాజు కథ ఒక్కటే చాలదు

దసరా వచ్చిందంటే మన బంధువుల గ్రూపుల్లో మైసూరు మహారాజుల ఫోటోలు తిరుగుతాయి. కింద ఒక మాట ఉంటుంది: "మంచి రాజులున్న దేశాలు రాజుల్ని నిలుపుకున్నాయి, చెడ్డ రాజులున్న దేశాలు రిపబ్లిక్‌లు అయ్యాయి. మనం మాత్రం మంచి రాజునే పోగొట్టుకున్నాం." కోలారు, చిక్కబళ్లాపురం, బెంగళూరు వైపు తరతరాలుగా ఉంటున్న తెలుగు ఇళ్లలో ఈ మాట విననివాళ్లు ఉండరు. పెద్దవాళ్ల మీద గౌరవం ఉంచుకునే చెబుతున్నాం, ఈ మాట తప్పు.

మాది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పని. ఎవరైనా ఒక రూలు చెబితే అది ఎక్కడ తప్పుతుందో వెతకడమే మా ఉద్యోగం. ఈ రూలునూ అట్లాగే పరీక్షించి చూద్దాం.

నార్వే 1905లో స్వీడన్ నుంచి విడిపోయింది. డెన్మార్క్ రాజకుమారుణ్ణి రాజుగా పిలుద్దామా అని ఓటు పెడితే నూటికి 79 మంది దాకా సరే అన్నారు. ఫిన్లాండ్ పార్లమెంటు కూడా 1918లో ఒక జర్మన్ రాజకుమారుణ్ణి రాజుగా ఎన్నుకుంది. కొన్ని వారాలకే జర్మనీ యుద్ధంలో ఓడిపోయింది, ఆయన గద్దె ఎక్కకుండానే తప్పుకున్నాడు, 1919లో ఫిన్లాండ్ రిపబ్లిక్ అయింది. ఇద్దరూ అంతకుముందు ఆ దేశాల్ని ఒక్కరోజైనా ఏలినవాళ్లు కారు. మరి వాళ్ల మంచితనం ఎవరు చూశారు?

ఇంకా దగ్గరి కేసు కావాలంటే హిమాలయాల్లోనే ఉంది. నేపాల్ రాజు జ్ఞానేంద్ర 2005 ఫిబ్రవరిలో అధికారమంతా తన చేతిలోకి తీసుకున్నాడు. మరుసటి ఏడు జనం వీధుల్లోకి వచ్చారు. 2008 మే 28న సుమారు 240 ఏళ్ల రాచరికం ముగిసింది. అదే 2008లో భూటాన్‌లో మొదటి పార్లమెంటు ఎన్నికలు జరిగాయి, రాజ్యాంగం వచ్చింది. రాజుకు 65 ఏళ్లు నిండితే దిగిపోవాలని, అవసరమైతే పార్లమెంటు ఆయన్ని దించే దారి కూడా ఉందని అందులో రాసుకున్నారు. గుప్పిట బిగించిన రాజు కిరీటం పోయింది, గుప్పిట విప్పిన రాజు కిరీటం మిగిలింది.

తక్కిన చోట్లా చాలామటుకు ఇదే లెక్క. యుద్ధంలో ఓడి, జనాన్ని ఆకలికి వదిలిన రాజులు రష్యాలో 1917లో, జర్మనీ, ఆస్ట్రియాల్లో 1918లో పోయారు. ముస్సోలినీని పిలిచి గద్దె మీద కూర్చోబెట్టిన ఇటలీ రాజవంశాన్ని 1946లో జనం నూటికి 54 ఓట్లతో పంపించేశారు. బ్రిటన్, స్వీడన్, డెన్మార్క్‌లలో రాజులు ఉన్నారంటే, పని మొత్తం పార్లమెంటుకు అప్పజెప్పారు కాబట్టి ఉన్నారు. సౌదీలో రాజు ఏమీ వదలకుండానే ఉన్నాడు గదా అంటారు. నిజమే, అక్కడ నూనె డబ్బుంది. ఖజానా నింపడానికి జనం పన్నుల మీద ఆధారపడని రాజుకు జనం మాట వినే అవసరం తక్కువ.

ఇప్పుడు మైసూరుకు వద్దాం. నాల్వడి కృష్ణరాజ ఒడెయర్ మంచి పాలకుడే, కాదనం. శివనసముద్రం కరెంటు, కన్నంబాడి కట్ట, మైసూరు విశ్వవిద్యాలయం అన్నీ నిజమే. కానీ 1902లో శివనసముద్రం కరెంటు మొదట వెళ్లింది కోలారు బంగారు గనులకు, అంటే ఇంగ్లీషు కంపెనీకి. బెంగళూరు వీధులకు 1905లో వచ్చింది. 1881లో పెట్టిన ప్రజాప్రతినిధి సభకు విన్నపాలు చెప్పుకునే హక్కే గాని చట్టం చేసే హక్కు లేదు.

ఆ మంచి రాజు కాలంలోనే, 1938 ఏప్రిల్ 25న, గౌరీబిదనూరు దగ్గర విదురాశ్వత్థంలో కాంగ్రెస్ జెండా కోసం చేరిన జనం మీద పోలీసులు కాల్పులు జరిపారు. చచ్చిపోయినవాళ్లు చుట్టుపక్కల పల్లెల రైతులు, కూలీలు. తెలుగు, కన్నడం రెండూ ఇంటి మాటలైన సీమ అది. మేం చదివింది కన్నడ మీడియంలోనే. దివాన్ల పేర్లు వరసగా కంఠస్థం చేశాం, ఈ ఊరికి మాత్రం మా పాఠంలో ఒక వాక్యం దక్కింది.

1947 ఆగస్టులో మైసూరు భారతదేశంలో చేరింది, కానీ బాధ్యతాయుత ప్రభుత్వం రాలేదు. దాని కోసం సెప్టెంబరులో 'మైసూరు చలో' మొదలైంది. జనం జైళ్లు నింపిన తరవాతే అక్టోబరులో కోలారు జిల్లా క్యాసంబళ్లికి చెందిన కె.సి. రెడ్డి ముఖ్యమంత్రి అయ్యారు. ఆ పైన జయచామరాజ ఒడెయర్ మర్యాదగా పక్కకు జరిగారు. 1950 నుంచి 1956 దాకా రాజప్రముఖ్‌గా, తరవాత గవర్నరుగా పనిచేశారు. అధికారం వదిలారు కాబట్టే ఆ కుటుంబానికి ఈరోజుకీ ఇంత గౌరవం మిగిలింది. "మహారాజులు దయతో స్వరాజ్యం ఇచ్చారు" అంటే విదురాశ్వత్థంలో పడినవాళ్లను ఇంకోసారి పాతిపెట్టినట్టే.

మనలాగ సొంత భాష సీమకు బయట బతికేవాళ్లకు ఇందులో ఇంకో సంగతి ఉంది. మనం ఇందాక మెచ్చుకున్న భూటాన్ నుంచే, 1990ల మొదట్లో, తరాలుగా అక్కడ ఉన్న నేపాలీ మాట్లాడే జనం వెళ్లగొట్టబడ్డారు. లక్షకు పైగా మనుషులు నేపాల్ శిబిరాల్లో ఏళ్ల తరబడి బతికారు. రాజు దయ మీద బతికేవాడికి ఆ దయ ఎప్పుడు తప్పుతుందో తెలీదు. మనకైతే రాజ్యాంగంలో 29, 30 అధికరణలున్నాయి. చిన్న తరగతుల్లో పిల్లలకు మాతృభాషలో చదువు చెప్పే వసతి కల్పించాలని 350ఎ ఉంది. అమలు ఎంత బాగుందో మనకు తెలుసు, తెలుగు బడులు ఒక్కొక్కటే మూతపడడం చూస్తున్నాం. అయినా అది హక్కు. అర్జీ పెట్టవచ్చు, కోర్టుకు వెళ్లవచ్చు, ఓటుతో నిలదీయవచ్చు. ఎవరి కాళ్లూ పట్టుకోనక్కర్లేదు.

విదురాశ్వత్థానికి నాగప్రతిష్ఠకు మన కుటుంబాలు ఎప్పటినుంచో వెళుతున్నాయి. అక్కడే ఆ కాల్పుల స్మారకం ఉంది. ఈసారి వెళ్లినప్పుడు పిల్లల్ని అక్కడికీ తీసుకుపోండి, చనిపోయినవాళ్ల పేర్లు వాళ్లచేత చదివించండి.