అంకె చూసి సంతకం పెట్టకండి, దాని కింద లైను చదవండి

పోస్టు పెద్దదే. పరీక్షలు ఉన్నవాళ్ళు తర్వాత చదువుకోండి. ఇంట్లో ఎవరైనా కంపెనీల్లో కాంట్రాక్టర్ల కింద పని చేస్తుంటే మాత్రం ఈ ఆదివారం ఫోన్ చేసి వాళ్ళకి చదివి వినిపించండి.

ఇటుకల పండగకి వారం ముందు, రాత్రి తొమ్మిదిన్నరకి మా రూముకి ఒక ఫోటో వచ్చింది. పంపింది మాలో ఒకడి పెద్దమ్మ కొడుకు. మేమంతా అన్న అనే పిలుస్తాం. పాడేరు పైన ఊరు. విశాఖ దగ్గర ఒక కంపెనీలో ఆరేళ్ళుగా ఒకే కాంట్రాక్టరు కింద పని చేస్తున్నాడు. ఆ కాంట్రాక్టరు వెళ్ళిపోతున్నాడు, కొత్తవాడు వస్తున్నాడు. మన వైపు నుంచి వెళ్ళిన నలుగురినీ పిలిచి, ఒక్కొక్కరికి 40,000 ఇస్తాం, ఈ కాగితం మీద సంతకం పెట్టి రేపు పట్టుకెళ్ళండి అన్నారట. కాగితం ఇంగ్లీషులో ఉంది. కింద రెవెన్యూ స్టాంపు ముందే అంటించి ఉంది.

"ఎట్టీమంటారేటిరా? పండగకి డబ్బులొస్తాయి కదా" అన్నాడు అన్న.

మేము నలుగురం కూర్చుని చదివాం. మా ఇళ్ళల్లో డిగ్రీ గుమ్మం తొక్కింది మేమే మొదలు. మా ఇంగ్లీషు ఎంతో మాకు తెలుసు. సగం మాటలు ఫోన్‌లో వెతుక్కున్నాం. అర్థమయ్యాక భయం వేసింది. ఆ కాగితంలో డబ్బు గురించి ఉన్నది ఒక్క లైనే. మిగతాదంతా వేరే సంగతి. ఒకటి, నా సొంత ఇష్టంతో ఉద్యోగం మానుకుంటున్నాను. రెండు, జీతం, గ్రాట్యుటీ, బోనస్, లీవు, పీఎఫ్‌తో సహా నాకు రావాల్సినవన్నీ అందాయి. మూడు, ఇక ముందు కాంట్రాక్టరు మీద గానీ కంపెనీ మీద గానీ ఏ కోర్టులోనూ ఏ ఆఫీసులోనూ ఏమీ అడగను.

సెటిల్‌మెంట్ అనే మాట మన దగ్గర రెండు చోట్ల వింటాం. ఒకటి భూమి సర్వేలో, రెండోది సినిమాలో రౌడీ ఇంటి ముందు. ఉద్యోగంలో కూడా ఉంటుందని మాకూ ఆ రాత్రే తెలిసింది.

మొదట లెక్క చెప్తాం. అన్నకి బేసిక్, డీఏ కలిపి నెలకు 13,000. గ్రాట్యుటీ లెక్క ఇది: నెల జీతాన్ని 26తో భాగించి, 15తో గుణించి, ఎన్నేళ్ళు చేశామో దానితో గుణించాలి. 13,000 అయితే ఏడాదికి 7,500. ఆరేళ్ళకి 45,000. అంటే వాళ్ళు అన్నీ కలిపి ఇస్తామన్న 40,000 కంటే ఒక్క గ్రాట్యుటీయే ఎక్కువ! పనిలోంచి తీసేస్తే ఏడాదికి 15 రోజుల జీతం నష్టపరిహారం, ఒక నెల ముందు నోటీసు, నోటీసు ఇవ్వకపోతే ఆ నెల జీతం. నెలకి 30 రోజుల లెక్కన వేసినా పరిహారం 39,000, నోటీసు 13,000. మొత్తం 97,000. ఇందులో బోనస్ లేదు, వాడుకోని లీవు డబ్బు లేదు, చివరి నెల జీతం లేదు.

ఇప్పుడు ఆ మొదటి లైను మళ్ళీ చదవండి. "నా సొంత ఇష్టంతో మానుకుంటున్నాను." గ్రాట్యుటీ మనంతట మనం మానేసినా వస్తుంది, ఐదేళ్ళు నిండితే చాలు. కానీ ఆ 39,000, ఆ 13,000 తీసేసినవాళ్ళకే. రిజైన్ అనే ఒక్క మాటతో 52,000 పోతుంది. అందుకే మేము అంటున్నాం, కాగితం చేతికి రాగానే అంకె కాదు, ముందు కారణం చూడాలి. తీసేశారా, మానుకున్నామా? తీసేసినవాళ్ళు "మానుకున్నాడు" అని రాసుకుంటే అది అబద్ధం. ఆ అబద్ధం కింద సంతకం మాత్రం మనది.

కాంట్రాక్టరు ఊరుకోడు. మా కాంట్రాక్టు గడువు అయిపోయింది, మేము తీసెయ్యలేదు, కాబట్టి పరిహారం రాదు అంటాడు. అలా వాదించడానికి చట్టంలో కొంత చోటు ఉంది, ఆ మాట దాచం. కానీ అది లేబర్ ఆఫీసులోనో ట్రిబ్యునల్‌లోనో తేలాల్సిన పేచీ. మనమే రిజైన్ అని రాసిచ్చేస్తే తేల్చడానికి ఇంకేం మిగలదు.

మేము గట్టిగా చెప్పదలుచుకున్నది ఇంకోటి. చట్ట ప్రకారం రావాల్సిన డబ్బు ఇవ్వడానికి "ఇక ఏమీ అడగను" అనే సంతకం అడిగే హక్కు ఎవరికీ లేదు. డబ్బు ముట్టింది అని రసీదు అడగొచ్చు, అది న్యాయమే. కిరాణా కొట్లో మన చిల్లర మనకి తిరిగివ్వడానికి కొట్టువాడు బాండు రాయించుకుంటాడా? పీఎఫ్ మన ఖాతాలో ఉన్న మన డబ్బు. యూఏఎన్ నంబరు ఉంటే ఫోన్‌లోనే పాస్‌బుక్ చూసుకోవచ్చు, అందులో ప్రతి నెలా పడిందో లేదో ఆరేళ్ళదీ చూడాలి. గ్రాట్యుటీ 30 రోజుల్లో ఇవ్వాలి. ఆ చట్టానికి విరుద్ధంగా ఏ ఒప్పందం రాసుకున్నా చట్టమే పైమాట. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త లేబర్ కోడ్‌ల ప్రకారం, పని పోయిన రెండు పనిదినాల్లో చివరి జీతం ఇచ్చేయాలి. ఇవన్నీ దయ కాదు. బేరం అనేది ఏదైనా ఉంటే వీటి పైన ఇచ్చేదానికే. పైన ఏమీ ఇవ్వకుండా, కిందది కూడా కోసేసి, మన నోరు కొనుక్కుంటున్నారు.

కొత్త కోడ్‌ల సంగతి ఎత్తాం కాబట్టి: పాత చట్టాలు పోయాయి, ఇక గ్రాట్యుటీ లేదు అని ఎవరైనా చెప్తే నమ్మకండి. గ్రాట్యుటీ అలాగే ఉంది. గడువు పెట్టి తీసుకున్నవాళ్ళకి ఐదేళ్ళు అక్కర్లేదు, ఏడాది చాలు. లెక్కకి తీసుకునే జీతం కూడా మారింది: అలవెన్సులు మొత్తంలో సగం దాటితే, దాటినంతా జీతంలో కలపాలి. కాబట్టి బేసిక్ 6,000 చూపించి మిగతాది ఏవో అలవెన్సులని రాసే స్లిప్పు ఉంటే అక్కడే ఆగండి. తీసేసినవాళ్ళకి రీస్కిల్లింగ్ ఫండ్ కింద యజమాని ఇంకో 15 రోజుల జీతం కట్టాలి, అది 45 రోజుల్లో కార్మికుడి ఖాతాలో పడాలి.

మూడో లైనులో ఒక చిన్న మాట ఉంది: "కంపెనీ మీద గానీ." కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే అసలు కంపెనీ ఇవ్వాలని చట్టం ఉంది. కాంట్రాక్టరు రేపు ఫోన్ ఎత్తకపోతే మనకి మిగిలేది ఆ గేటొక్కటే. ఆ మాట మీద సంతకం పెడితే ఆ గేటు కూడా మనమే మూసుకున్నట్టు. గమనించారా, 40,000 ఇచ్చేది కాంట్రాక్టరు, తప్పించుకునేది ఇద్దరూ.

పనిలో దెబ్బ తగిలినవాళ్ళ సంగతి ఇంకా ఘోరం. మన ఊళ్ళ నుంచి బిల్డింగు పనులకి, క్వారీలకి వెళ్ళినవాళ్ళు చనిపోతే ఏం జరుగుతుందో అందరం చూశాం. శవం ఊరికి రాకముందే పెద్దమనుషులు కూర్చుంటారు. రెండు లక్షలు, మహా అయితే మూడు. స్టాంపు పేపరు మీద తల్లి వేలిముద్ర. ఈఎస్ఐ ఉన్నవాళ్ళకి దారి వేరు, కుటుంబానికి నెలనెలా డబ్బు వస్తుంది. ఈఎస్ఐ లేనివాళ్ళకి 1923 నుంచి పరిహారం చట్టం ఉంది, ఇప్పుడు అది సోషల్ సెక్యూరిటీ కోడ్‌లో కలిసింది. ఆ లెక్క చూడండి: నెల జీతంలో సగాన్ని వయసు ప్రకారం ఒక సంఖ్యతో గుణించాలి. 20 ఏళ్ళకి ఆ సంఖ్య 224. నెలకు 15,000 జీతం అయితే 7,500 ఇంటూ 224, అంటే 16,80,000. మా వయసు 20. ఆ రాత్రి కాలిక్యులేటర్‌లో ఈ అంకె చూసి మా రూములో కాసేపు ఎవరం మాట్లాడలేదు.

ఆ డబ్బు ఇంటికి తెచ్చి చేతిలో పెట్టేది కూడా కాదు. చనిపోయినవాళ్ళ పరిహారం కమిషనర్ దగ్గర డిపాజిట్ చేయాలి. ఊళ్ళో పెద్దల ముందు ఇచ్చాం అంటే చట్టం దాన్ని పరిహారం ఇచ్చినట్టు ఒప్పుకోదు. దెబ్బలకి రాజీ రాసుకున్నా అది కమిషనర్ దగ్గర రిజిస్టరు కావాలి, మొత్తం తక్కువగా ఉందనిపిస్తే ఆయన నిరాకరించొచ్చు. అంటే మన తల్లులు వేసిన ఆ వేలిముద్రలు చాలావాటికి విలువ లేదు, కేసు ఇంకా బతికే ఉండొచ్చు. ఈ సంగతి ఊళ్ళో ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సినవాళ్ళే ఆ కూర్చున్న పెద్దమనుషుల్లో ఉన్నారేమో.

వేలిముద్ర అంటే మన తాతలు గుర్తొస్తారు. అప్పు కాగితం అనుకుని వేసిన ముద్రలతో పోయిన భూములు ఎన్నో. ఆ తర్వాత 1/70 వచ్చింది, ఏజెన్సీలో మన భూమి గిరిజనేతరులకి పోకుండా అడ్డం నిలబడింది. కొండ దిగి కంపెనీకి వెళ్ళినవాడికి 1/70 లాంటిది తోడు రాదు, అక్కడ ఉన్నది లేబర్ చట్టమే.

సంతకం పెట్టేసినవాళ్ళని మేము తప్పు పట్టం. అన్నతో ఉన్న ముగ్గురూ మర్నాడే పెట్టేశారు. ఒకాయనకి పిల్లకి జ్వరం. ఇంకొకాయన, "పెట్టకపోతే కొత్త కాంట్రాక్టరు గేట్ పాస్ ఇవ్వడు" అన్నాడు. నిజం కూడా కావొచ్చు. మేము హాస్టల్లో తిని కూర్చుని చట్టాలు చెప్పడం తేలిక అని ఒక మావయ్య అన్నాడు, పడ్డాం. అయినా మేమూ తక్కువేం కాదు, హాస్టల్లో చేరినప్పుడు ఇచ్చిన కాగితాలు ఒక్కటీ చదవకుండా సంతకాలు పెట్టాం.

పెట్టక తప్పని పరిస్థితి వస్తే కనీసం ఇవి చేయండి. ఒక్క రోజు అడగండి, "ఇంట్లో చూపించి వస్తాను" అనండి. ఇవ్వకపోతే ఎందుకు ఇవ్వట్లేదో ఆలోచించండి. ఫోటో తీయండి, అన్ని పేజీలూ. ఖాళీ కాగితం మీద, తేదీ లేని కాగితం మీద వద్దు. దేనికి ఎంతో విడివిడిగా రాయమనండి: గ్రాట్యుటీ ఇంత, లీవు ఇంత, బోనస్ ఇంత. అన్నీ కలిపి ఒకే అంకె రాశారంటే ఏది ఎగ్గొట్టారో రేపు మనం చెప్పలేం. డబ్బు బ్యాంకులోనే వేయమనండి. సంతకం పైన మన చేత్తో, తెలుగులోనే, "నా మిగతా హక్కులు వదులుకోవడం లేదు, ముట్టింది ఇంత" అని రాయండి. అది రాయనివ్వకపోతే ఆ సంగతి ఆ రోజే వాట్సాప్‌లో ఎవరికైనా పంపి పెట్టుకోండి, తేదీతో సహా ఉంటుంది.

ఖర్చుకి భయపడకండి. 1987 చట్టం ప్రకారం ఎస్టీలకి ఉచిత న్యాయ సహాయం ఉంది, ఆదాయంతో పని లేదు. కుల ధృవీకరణ పత్రం చూపిస్తే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ వకీలుని ఇస్తుంది. ఫోన్ నంబరు 15100. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. లోక్ అదాలత్‌లో రాజీకి ఒప్పుకుంటే దాని మీద అప్పీలు లేదు. కోర్టు ప్రాంగణంలో జరుగుతుంది కదా, మంచిదే అయి ఉంటుందని అక్కడ కూడా చదవకుండా పెట్టకండి. లేబర్ ఆఫీసుకి వెళ్ళడం కూడా సంవత్సరాల తరబడి వాయిదా వేయొద్దు, కొత్త కోడ్‌లో రెండేళ్ళు దాటిన తగాదాని అధికారి రాజీకి తీసుకోడు.

అన్న సంతకం పెట్టలేదు. పండగకి మా వాళ్ళే తలా కొంత వేసి పంపాం. గ్రాట్యుటీకి కాంట్రాక్టరుకి రిజిస్టర్డ్ పోస్టులో దరఖాస్తు పెట్టాడు, ఒక కాపీ లేబర్ ఆఫీసులో ఇచ్చాడు. నెల దాటాక, ఏ కాగితమూ అడక్కుండా 45,000 ఖాతాలో పడ్డాయి. పరిహారం, నోటీసు జీతం సంగతి లేబర్ ఆఫీసులో నడుస్తోంది. రెండుసార్లు పిలిచారు, కాంట్రాక్టరు ఒకసారి రాలేదు. గేట్ పాస్ మాత్రం కొత్తవాడు ఇవ్వలేదు. ఇప్పుడు అన్న ఊళ్ళోనే కాఫీ తోటలో పని చేస్తున్నాడు.

మిగతా ముగ్గురూ ఇప్పుడు మమ్మల్ని అడుగుతున్నారు. వాళ్ళు పెట్టిన కాగితాల కాపీలు వాళ్ళ దగ్గర లేవు. ఒకాయన పిల్లాడు ఫోన్‌లో ఫోటో తీశాడేమో అంటున్నారు, ఆ ఫోన్ స్క్రీన్ పగిలి రిపేరు షాపులో ఉంది. శనివారం వెళ్ళి చూస్తాం.