కడప ఎవరిది?

2019 జూన్‌లో తెలంగాణ మంత్రివర్గం హైదరాబాద్‌లోని ఎర్రమంజిల్‌ను కూల్చి అక్కడ కొత్త శాసనసభ కట్టాలని తీర్మానించింది. నవాబ్ ఫఖ్రుల్ ముల్క్ కట్టించిన భవనమది. సెప్టెంబర్ 16న హైకోర్టు ఆ తీర్మానాన్ని కొట్టేసింది. సంతోషమే. కానీ కూల్చే ధైర్యం ఎక్కడినుంచి వచ్చిందో మర్చిపోవద్దు. వారసత్వ కట్టడాలకు కాపలాగా ఉన్న హుడా 13వ నిబంధనను 2015 డిసెంబర్‌లోనే తీసేశారు. 2017లో వారసత్వ చట్టం తెచ్చిన ప్రభుత్వమే రెండేళ్లకు గడ్డపార పట్టింది!

"నవాబుల మేడలతో మనకేం పని?" అని స్త్రీవాద మిత్రులే అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. జనానాలో బతుకు వెళ్లదీసినవాళ్ల పేర్లు, రాళ్లు మోసిన కూలి స్త్రీల పేర్లు శిలాఫలకాల మీద ఉండవు. మరి గోడలు కూలిస్తే ఆ పేర్లు దొరుకుతాయా? దస్తావేజుల్లో లేని ఆడవాళ్లకు పొగచూరిన వంటిల్లు, పరదా కట్టిన వరండా, వెనక వాకిలే దస్తావేజులు.

కోఠి రెసిడెన్సీనే చూడండి. ఇంగ్లీషు దొర కోసం కట్టిన ఆ భవనంలోకి 1949లో మహిళా కళాశాల వచ్చింది. ఆ మెట్లెక్కి ఎన్ని తరాల ఆడపిల్లలు చదువుకున్నారు! 2024లో అక్కడి విశ్వవిద్యాలయానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. దొరతో కొట్లాడి భూమి నిలుపుకున్న మనిషి పేరు దొర మేడకు! మేడ ఉంది కాబట్టే ఆ మాటకు అంత బలం.

నాంపల్లిలో సరోజినీ నాయుడు ఇంటికి 1905 నాటి ఆమె తొలి కవితా సంపుటి పేరే ఉంది: గోల్డెన్ త్రెషోల్డ్. మా భాషలో బంగారు కడప. ఆ ఇల్లు నిలిచింది.

ఎల్లారెడ్డిపేటలో మా అమ్మమ్మ గూనపెంకుటిల్లు నిలవలేదు. కడప పక్కన కూర్చొని బీడీలు చుట్టి ఆమె పిల్లల్ని సాకింది. ఇల్లు మాత్రం ఆమె పేరున లేదు. కూల్చేనాడు ఎవరూ ఆమెనడగలేదు. కారే కప్పు కింద ఆమెను ఉంచాలని నేననను. మరమ్మతుకు చేయూతనివ్వని వారసత్వం వట్టి మాట. కానీ ఏ ఇల్లు చరిత్రో, ఏది చెత్తో తేల్చే కమిటీల్లో ఆ ఇళ్లు ఊడ్చి అలికిన వాళ్లుండాలి. జాబితాలో కట్టించినవాడి పేరు పక్కన బతికినవాళ్ల పేర్లూ రాయాలి.

కడపకు పసుపు రాసే చేతికి ఆ కడప మీద మాట చెల్లేదెప్పుడు?